అరవై దాటిన అమ్మ కెన్యా ప్రయాణం: అనాథాశ్రమంలో పనిచేసే కూతురి దగ్గరికి పంపేముందు చూసుకోవాల్సినవి

కెన్యాలోని ఏదో ఊళ్లో అనాథాశ్రమంలో పనిచేసే కూతురి దగ్గరికో కొడుకు దగ్గరికో తల్లి వెళ్లాలంటే ఇంట్లో అందరూ మొదట చూసేది టికెట్ ధర. మొదట చూడాల్సింది యెల్లో ఫీవర్ (దోమల వల్ల సోకే వైరస్ జ్వరం) టీకా. అమ్మకు ఆ టీకా వేయొచ్చా లేదా అన్నది తేలితేనే తేదీలు, దారి, అసలు ప్రయాణం ఉంటుందా లేదా అన్నది తేలుతాయి. టికెట్ కొన్నాక డాక్టరు "వద్దు" అన్న సందర్భాలు తక్కువేమీ కావు. కాబట్టి కనీసం 2 నెలల ముందు పని మొదలుపెట్టండి.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఇండియా నుంచి వచ్చేవారిని టీకా కార్డు చూపమని కెన్యా అడగదు, కెన్యా నుంచి తిరిగొచ్చేవారిని అడిగేది మన దేశమే. మన దగ్గర ఆ జబ్బు లేదు కానీ, దాన్ని మోసే ఏడిస్ దోమ ఊరూరా ఉంది. డెంగీని మోసేది కూడా అదే. జబ్బుతో ఒక్కరు దిగినా అంటుకోవచ్చన్న భయంతో, కెన్యాలాంటి దేశాల నుంచి బయల్దేరిన 6 రోజుల్లోపు కార్డు లేకుండా ఇక్కడ దిగేవారిని గరిష్ఠంగా 6 రోజులు క్వారంటైన్‌లో ఉంచుతారు. వెళ్లేటప్పుడే కార్డు ఉందా అని విమాన సంస్థ కౌంటర్‌లో అడగడం కూడా అందుకే.

టీకా, వయసు

ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా. మొదటిసారి వేయించుకునేవారు 60 దాటినవాళ్లయితే కాలేయం, మూత్రపిండాలు, మెదడు మీద తీవ్ర దుష్ప్రభావం వచ్చే అవకాశం కాస్త ఎక్కువ. లక్షల్లో కొద్దిమందికే వస్తుంది, వస్తే మాత్రం ప్రాణాంతకం కావచ్చు. అందుకే ముందు అమ్మను రోజూ చూసే డాక్టరు దగ్గరికే వెళ్లండి, మందుల చీటీలన్నీ పట్టుకుని. గుడ్డు పడకపోవడం, క్యాన్సర్ చికిత్స, థైమస్ గ్రంథి జబ్బులు, ఎక్కువ మోతాదు స్టిరాయిడ్లు, ఇవన్నీ టీకా వద్దనడానికి కారణాలే. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే ఆడవాళ్లు మన ఇళ్లల్లో చాలామందే ఉన్నారు. "వారానికి ఒక్క మాత్రే కదా" అని డాక్టరుకు చెప్పడం మరిచిపోతారు. చెప్పితీరాల్సిన మందు అది.

కిసుము వంటి పశ్చిమ ప్రాంతానికి వెళ్తుంటే టీకా ఆరోగ్యరీత్యా కూడా అవసరమే. నైరోబి నగరంలోనో మొంబాసాలోనో మాత్రమే ఉండేవారికి జబ్బు సోకే అవకాశం తక్కువ. కానీ మన క్వారంటైన్ నిబంధన ఊరు చూడదు, దేశం చూస్తుంది.

డాక్టరు సరేనంటే, హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్నంలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్ ఈ టీకా వేసే ప్రభుత్వ కేంద్రాలు. ఒక్కో సీసాలో చాలామందికి సరిపడా డోసులుంటాయి, తెరిచాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. అందువల్ల నిర్ణీత రోజుల్లో, ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికే వేస్తారు. అసలు పాస్‌పోర్టు తీసుకెళ్లండి. అక్కడ ఇచ్చే పసుపు రంగు టీకా కార్డు మీద పాస్‌పోర్టు నంబరు, తేదీ, సంతకం, ముద్ర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. పాస్‌పోర్టు గడువు దగ్గర పడి ఉంటే ముందు దాన్ని మార్పించి తర్వాత టీకాకు వెళ్లండి, లేకపోతే కార్డు మీద పాత నంబరు ఉండిపోతుంది. టీకా వేసిన 10 రోజులకు కార్డు చెల్లుబాటులోకి వస్తుంది, ఆపైన జీవితాంతం చెల్లుతుంది. 2016 జూలై 11 నుంచి పదేళ్లకోసారి మళ్లీ వేయించుకునే పద్ధతి పోయింది. కాబట్టి ఎప్పుడో వేయించుకున్న పాత కార్డున్నా అది పనికొస్తుంది. వారం పది రోజులపాటు కొద్దిగా జ్వరం, ఒళ్లునొప్పులు మామూలే. కళ్లు పచ్చబడినా, గందరగోళంగా మాట్లాడినా వెంటనే ఆసుపత్రికి.

డాక్టరు వద్దంటే? కార్డులోనే వైద్య మినహాయింపు రాసే పేజీ ఉంటుంది, దాన్ని రాయించుకోవచ్చు. అయితే దాన్ని ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం విమానాశ్రయ ఆరోగ్య అధికారి చేతిలో ఉంటుంది, క్వారంటైన్‌కు సిద్ధపడే వెళ్లాలి. రెండో దారి, దుబాయ్‌లో కొడుకో తమ్ముడో ఉంటే తిరుగు ప్రయాణంలో అక్కడ 6 రోజులు దాటేదాకా ఆగి రావడం. అప్పుడు కెన్యా వదిలి 6 రోజులు గడిచిపోతాయి. దోమకాటు ముప్పు ఉన్న ప్రాంతానికైతే ఈ రెండూ క్వారంటైన్‌ను తప్పిస్తాయే తప్ప జబ్బును తప్పించవు. అలాంటప్పుడు కూతురే ఇండియాకు రావడం మేలు. ఇక, టీకా వేయకుండా కార్డు మాత్రం ఇప్పిస్తామనే ఏజెంట్లున్నారు. అది నేరం. పట్టుబడితే ఇబ్బంది పడేది అమ్మే, ఏజెంటు కాదు.

మలేరియా

యెల్లో ఫీవర్ అరుదు, మలేరియా అరుదు కాదు. నైరోబి సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ మలేరియా తక్కువ. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల, తీరప్రాంతంలో ఎక్కువ. అక్కడి ఫాల్సిపారం రకం మలేరియాకు పాత మలేరియా మందు క్లోరోక్విన్ పనిచేయదు. కాబట్టి ఇంట్లో మిగిలిన పాత మాత్రలు ఇచ్చి పంపకండి. డాక్టర్లు సాధారణంగా డాక్సీసైక్లిన్ రాస్తారు. ప్రయాణానికి 1, 2 రోజుల ముందు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్లూ రోజుకొకటి, తిరిగొచ్చాక ఇంకో 4 వారాలు వేసుకోవాలి. ఆ చివరి 4 వారాలే ఎక్కువమంది ఎగ్గొట్టేది. మాత్రను నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. ఎముకల బలానికి వేసుకునే కాల్షియం, రక్తహీనతకు వేసుకునే ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య 2, 3 గంటల ఎడం ఉండాలి. కలిపి వేసుకుంటే మందు ఒంటికి పట్టదు. ఉదయం అల్పాహారంతో డాక్సీసైక్లిన్, రాత్రి భోజనంతో కాల్షియం అని డబ్బాల మీద తెలుగులో రాసిపెట్టండి.

పాస్‌పోర్టు, అనుమతి

2024 జనవరి నుంచి కెన్యా వీసా తీసేసి దాని బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. ప్రభుత్వ వెబ్‌సైటు చిరునామా "గో డాట్ కేఈ" అని ముగుస్తుంది. అదే పోలికతో రెట్టింపు డబ్బు గుంజే సైట్లు చాలా ఉన్నాయి, వెతికినప్పుడు ముందుగా కనిపించేవి కూడా అవే. మూల రుసుము 30 డాలర్లు, దానిమీద చెల్లింపు ఖర్చులు. ప్రయాణానికి 3 పనిదినాల ముందైనా దరఖాస్తు చేయాలంటారు, మీరు రెండు వారాల ముందు చేయండి. పాస్‌పోర్టుకు ఇంకా 6 నెలల గడువుండాలి. ఫొటో, రానూపోనూ టికెట్, ఉండబోయే చోటు వివరాలు కావాలి. ఆ చోటు కోసం కూతురు రాసిన ఆహ్వాన లేఖ, ఆమె వర్క్ పర్మిట్ నకలు జతచేస్తే సరి.

దరఖాస్తులో వచ్చిన పని ఏమిటన్న చోట "కుటుంబాన్ని చూడటానికి" అనే రాయండి. ఆశ్రమంలో ఉంటుంది కదా అని "సేవ చేయడానికి" అని రాస్తే చిక్కు. జీతం లేకపోయినా సంస్థలో పనిచేయడానికి అక్కడ వేరే అనుమతి కావాలి. ఇమ్మిగ్రేషన్ అధికారి అడిగినా అమ్మ చెప్పాల్సింది ఒక్కటే మాట, "మా అమ్మాయి దగ్గరికి వచ్చాను." ముందే చెప్పి ఉంచకపోతే పిల్లలకు వండిపెట్టడానికి వచ్చానని సంతోషంగా చెప్పేస్తుంది.

పదో తరగతి చదవని పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఈసీఆర్ ముద్ర (ఉద్యోగానికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ తనిఖీ కావాలన్న గుర్తు) ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. ఆ తనిఖీ నిర్ణీత దేశాలకు ఉద్యోగం కోసం వెళ్లేవారికి, వాటిలో కెన్యా లేదు. పైగా 50 దాటినవారికి మినహాయింపు. తిరుగు టికెట్ కాగితం మాత్రం చేతిలో ఉండాలి.

ఏ దారిన

హైదరాబాద్ నుంచి నైరోబికి దుబాయ్, దోహా, అడిస్ అబాబా, ముంబై మీదుగా వెళ్లొచ్చు. అమ్మ ఒంటరిగా వెళ్తుంటే మా ఓటు ఒకే సంస్థ, ఒకే టికెట్, మధ్యలో ఒకే మార్పు, ఆ మార్పుకు 3 నుంచి 5 గంటల వ్యవధి ఉన్న దారికే. రెండు గంటల లోపైతే వీల్‌చైర్ రావడం ఆలస్యమైనా విమానం తప్పిపోతుంది. తొమ్మిది పది గంటలైతే కాళ్లు వాచిపోతాయి. ముంబై నుంచి నైరోబి సుమారు 6 గంటలే. కానీ హైదరాబాద్, ముంబై టికెట్ విడిగా కొంటే సామాను దింపుకుని మళ్లీ ఎక్కించాలి. ఆ పని ఒంటరి పెద్దమనిషికి పెట్టకండి.

నడవగలిగినా వీల్‌చైర్ పెట్టించండి. మొహమాటం అనవసరం, దోహా, దుబాయ్‌లలో గేట్ల మధ్య నడక కిలోమీటరు దాటొచ్చు, దారి అడగడానికి భాష రాదు. టికెట్ కొన్నప్పుడే, కనీసం 48 గంటల ముందు నమోదు చేయాలి. నడవలేక పోవడంలో మూడు రకాలుంటాయి. దూరం నడవలేనివారు, మెట్లు ఎక్కలేనివారు, సీటుదాకా ఎత్తి కూర్చోబెట్టాల్సినవారు. మోకాళ్లు అరిగినవారికి రెండోది పెట్టించాలి, మొదటిది పెడితే కొన్నిచోట్ల బస్సులోంచి దిగి విమానం మెట్లు ఎక్కమంటారు. భోజనం కూడా అప్పుడే చెప్పాలి. "హిందూ భోజనం" అంటే మాంసం ఉంటుంది. శాకాహారికి కావాల్సింది "ఏషియన్ వెజిటేరియన్".

పెట్టె సర్దడం

అమ్మలకు ఇష్టమైన పని, పొరపాట్లు ఎక్కువ జరిగే పని కూడా ఇదే. ముందుగా ప్లాస్టిక్ కవర్లు. 2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ చేతిసంచులు నిషేధం. చట్టంలో భారీ జరిమానా, జైలు కూడా ఉన్నాయి. సందర్శకుల విషయంలో సాధారణంగా విమానాశ్రయంలోనే తీసి పారేయమంటారు. పొడులూ చీరలూ బట్టల దుకాణం కవర్లలో చుట్టి సర్దిన పెట్టెను అక్కడ నేలమీద విప్పి కూర్చోవడం ఎవరికీ మంచిది కాదు. గుడ్డసంచులు, స్టీలు డబ్బాలు, మూత గట్టిగా పట్టే సీసాలు వాడండి.

రెండోది గసగసాలు. గల్ఫ్ దేశాల మీదుగా వెళ్తుంటే ఒక్క చెంచా కూడా వద్దు. అక్కడ అవి మత్తుపదార్థాల కిందికి వస్తాయి, మసాలా పొడిలో కలిపినా సరే. తమలపాకులూ యూఏఈలో నిషిద్ధమే. మోకాళ్ల నొప్పికి రాసే ట్రమడాల్ కలిసిన మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గుమందు, షుగరు వల్ల వచ్చే కాళ్లమంటలకు వాడే ప్రీగాబాలిన్ కూడా అక్కడి నియంత్రిత మందులే. వీలైతే డాక్టరును అడిగి వేరే మందు మార్పించండి.

ఎండుకొబ్బరి చిప్పలు చెక్ ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. వాటిలో నూనె ఎక్కువ, వేడెక్కి అంటుకునే సరుకుల జాబితాలో ఉన్నాయి. కారం, పచ్చళ్లు, నెయ్యి చేతిసంచిలో కాదు, చెక్ ఇన్ పెట్టెలోనే పెట్టాలి. సీసా మూతకింద ఒక పొర, పైన టేపు, దాన్ని స్టీలు డబ్బాలో కూర్చోబెట్టి చుట్టూ పాత పంచెగుడ్డ. కరివేపాకు రెమ్మలు, మామిడికాయలు, విత్తనాలు, మొక్కలు వద్దు. అనుమతిపత్రం లేకుండా మొక్కల సరుకు రానివ్వరు. కందిపప్పు మోసుకెళ్లనక్కర్లేదు. నైరోబిలో పార్క్‌లాండ్స్ వైపు భారతీయుల దుకాణాల్లో దొరకనిది తక్కువ.

కెన్యా అంటే ఎండలే అనుకుని నూలు చీరలే పెడతారు. నైరోబిలో జూన్ నుంచి ఆగస్టు దాకా రాత్రులు 10, 12 డిగ్రీలకు పడిపోతాయి. స్వెటర్, సాక్సులు, శాలువా పైనే ఉండాలి. కిసుము మాత్రం పగలు వేడిగానే ఉంటుంది. ప్లగ్గులు బ్రిటన్ తరహా, మూడు దీర్ఘచతురస్రపు పిన్నులవి, 240 వోల్టులు. అడాప్టర్ ఒక్కటుంటే మన మిక్సీ పనిచేస్తుంది. నైరోబి ఎత్తులో నీళ్లు 100 డిగ్రీలకంటే ముందే మరుగుతాయి కాబట్టి గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. చిన్న కుక్కర్ పెట్టెలో పెడితే అమ్మకు చిరాకు తప్పుతుంది.

నగలు తగ్గించండి. వేసుకెళ్లేవాటికి బయల్దేరేముందు కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకుంటే తిరిగొచ్చేటప్పుడు సుంకం అడగరు. ఖర్చులకు డాలర్లు ఇస్తే కొత్త నోట్లే ఇవ్వండి. 2006కు ముందు అచ్చయినవి, గీతలూ చిరుగులూ ఉన్నవి అక్కడ తీసుకోరు.

ఆశ్రమం పిల్లలకని పాత బట్టల మూటలు, మందుల డబ్బాలు పంపకండి. పాత బట్టలు అక్కడి సంతల్లో కుప్పలుగా దొరుకుతాయి. మందులను కస్టమ్స్ ఆపేస్తుంది. ఆ బరువుకు అయ్యే డబ్బు ఆశ్రమానికి ఇస్తే ఊళ్లోని దర్జీ చేతనే యూనిఫారాలు కుట్టిస్తారు.

చేతిసంచిలో ఉండాల్సినవి

పాస్‌పోర్టు, టీకా కార్డు, ఈటీఏ ముద్రణ, టికెట్, ఆహ్వాన లేఖ, బీమా కాగితం. ప్రయాణ బీమాలో పాత జబ్బులు కవరవుతాయా లేదా అన్నది చదవకుండా కొనకండి. బీపీ, షుగరు దాచి కొన్న పాలసీ గుండెపోటు రోజున పనికిరాదు. మారుమూల ఊరైతే విమానంలో నైరోబికి తరలించే ఖర్చు కూడా అందులో ఉండాలి. ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ అక్కడ ఆ పని చేసే సంస్థ.

మందులు మొత్తం కాలానికీ, ఇంకో 10 రోజులకు అదనంగా, స్ట్రిప్పుల్లోనే, రసాయన పేర్లతో రాసిన చీటీతో. ఇన్సులిన్ చెక్ ఇన్ పెట్టెలో వేస్తే కింద గడ్డకట్టి పాడవొచ్చు. కెన్యా గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక, కాబట్టి వెళ్లే రోజు అంత పొడుగవుతుంది. రాత్రి ఇన్సులిన్ ఏ టైముకో డాక్టరును అడిగి కాగితం మీద రాసివ్వండి.

ఒక గట్టి అట్ట మీద, ఒకవైపు తెలుగులో, మరోవైపు ఇంగ్లీషులో: పేరు, "నాకు తెలుగు మాత్రమే వచ్చు", రెండు విమానాల నంబర్లు, దిగే ఊరు, ఉన్న జబ్బులు, కూతురి ఫోను. మెళ్లో వేసుకునే కవరులో పెట్టండి. ఫోనుకు రోమింగ్ ప్యాక్ ముందే వేయించండి. విమానాశ్రయ వైఫైకి చాలాచోట్ల ఓటీపీ కావాలి, రోమింగ్ లేకపోతే ఆ ఓటీపీ రాదు, వాట్సాప్ కాల్ వెళ్లదు.

విమానంలో నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు గొంతు తడుపుకోకుండా కూర్చుంటారు. కాళ్లలో రక్తం గడ్డకట్టేది అలాగే. నడవ పక్క సీటు తీసుకోండి, గంటన్నరకోసారి లేవమనండి, మోకాలిదాకా ఉండే బిగుతు మేజోళ్లు డాక్టరును అడిగి వేయించండి.

దిగాక

నైరోబిలో దిగిన రాత్రి అక్కడే పడుకోవాలి. కిసుముకు విమానం గంటలోపే, రోడ్డు మీద సుమారు 350 కిలోమీటర్లు, ఏడు గంటలు. చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద ప్రయాణం వద్దు. మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తే ఎత్తు వల్లనే కావచ్చు. కూర్చున్నా తగ్గకపోతే ఆసుపత్రికి.

తిండికి అమ్మ అంత ఇబ్బంది పడదు. ఉగాలి మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, మన సంకటి తిన్నవారికి కొత్తగా ఉండదు. సుకుమా వికి అనే ఆకుకూర, న్దెంగు అని పిలిచే పెసల కూర, మొక్కజొన్న గింజలూ చిక్కుళ్లూ కలిపిన గితేరి శాకాహారికి సరిపోతాయి. ఆకుకూర గొడ్డుమాంసం పులుసుతో వండారా అని మాత్రం అడగాలి. నీళ్లు కాచి చల్లార్చినవే.

ఆశ్రమంలో

ఇక్కడే అమ్మలు ఎక్కువగా తడబడతారు. పిల్లలు పరుగెత్తుకొచ్చి చుట్టేస్తారు, ఒళ్లో కూర్చుంటారు. చూసేవాళ్లకు కళ్లు చెమరుస్తాయి. పెంచేవాళ్లు తరచూ మారిపోయే చోట పెరిగిన చిన్నపిల్లలు కొత్తవారిని అలా పట్టుకోవడం మామూలే, దాన్ని అభిమానంగా లెక్కేసుకోకూడదు. నెల రోజులు ఒళ్లో పెట్టుకుని తినిపించిన మనిషి ఒకరోజు మాయమైతే ఆ పిల్లలకు అది ఇంకో విడిచిపోవడం. కాబట్టి అన్నం పెట్టడం, స్నానం, నిద్రపుచ్చడం లాంటివి అక్కడి ఆయాలకే వదలాలి. వెళ్లిపోయే తేదీ మొదటి రోజే పిల్లలకు చెప్పి, గోడ క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. "మళ్లీ వస్తా", "నిన్ను మా ఊరు తీసుకెళ్తా" అన్న మాటలు ముద్దుకైనా అనకూడదు.

"మీ అమ్మానాన్నా లేరా నాయనా?" అన్న ప్రశ్న కూడా వద్దు. ఇలాంటి సంస్థల్లో ఉండే పిల్లల్లో తల్లో తండ్రో బంధువులో బతికున్నవారు చాలామంది, పేదరికం వల్ల చేరినవారు. కెన్యా ప్రభుత్వం 2022 నుంచి 2032 వరకు పెట్టుకున్న సంరక్షణ సంస్కరణ ప్రణాళిక ఉద్దేశమే పిల్లల్ని సంస్థల నుంచి కుటుంబాల్లోకి పంపడం. కూతురి పని అటువైపు సాగుతూ ఉండొచ్చు, నిన్న ఉన్న పిల్ల ఇవాళ కనబడకపోతే అది మంచి కబురు కావచ్చు.

సందర్శకుల నియమాల కాగితం మీద అమ్మ చేత సంతకం చేయిస్తారు. దాన్ని ముందే తెప్పించుకుని తెలుగులో చదివి వినిపించండి. ఫొటోల సంగతి అందులో తప్పక ఉంటుంది. పిల్లల ముఖాలు కనిపించే ఫొటో బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, స్టేటస్ అసలే వద్దు. ఒక్క పిల్లకే చాక్లెట్, ఒక్కడికే చొక్కా ఇవ్వడమూ వద్దు. ఇవ్వదలచింది వార్డెన్ చేతికే ఇవ్వాలి. మూసిన గదిలో ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు. ఇది అమ్మను అనుమానించడం కాదని, అక్కడ అందరికీ ఇదే నియమమని ముందే చెబితే మనసు నొచ్చుకోదు.

మరి నెలంతా ఏం చేయాలి? కూతురు పొద్దున్నే పనిలోకి వెళ్తే సాయంత్రం దాకా రాదు, ఆ ఖాళీయే అమ్మను కుంగదీస్తుంది. సంస్థ ఒప్పుకుంటే వంటగదిలో పెద్దవాళ్లతో కూర్చుని కూర తరగడం, చిరిగిన యూనిఫారాలకు గుండీలు కుట్టడం లాంటి తేలిక కాలక్షేపం, సొంత మనవళ్లుంటే వాళ్ల బడి పనులు సరిపోతాయి. "హబారి" అంటే "న్జూరి" అనడం, "అసాంతే" అని ధన్యవాదం చెప్పడం బయల్దేరకముందే నేర్పండి. పిల్లలు ఆమెను "న్యాన్యా" అంటారు, బామ్మ అని.

తిరిగొచ్చాక

పసుపు కార్డు పెట్టెలో కాదు, చేతిలో ఉండాలి. దిగగానే ఆరోగ్య అధికారి అడుగుతాడు. డాక్సీసైక్లిన్ 4 వారాలు ఆపకుండా వేయించండి. 3 నెలల్లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా వైరల్ అని ఇంట్లో మాత్ర వేసి ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించండి. డాక్టరు అడిగినా అడగకపోయినా మొదటి వాక్యంలోనే "కెన్యా నుంచి వచ్చింది, ఫలానా తేదీన" అని చెప్పండి. మొదటి పరీక్షలో మలేరియా కనబడకపోయినా జ్వరం తగ్గకపోతే 12 నుంచి 24 గంటల ఎడంతో ఇంకో రెండుసార్లు చేయించాలి.